రెండెకరాల ఇరవై

వనపర్తిలో నేను మొట్టమొదట ఉద్యోగం చేసిన ఆఫీసు ఒక ఎరువుల దుకాణం మీద ఉండేది. మెట్లెక్కుతుంటేనే పురుగుమందుల వాసన ముక్కుకు కొట్టేది. ఆ వాసనలో కూచుని మేం ముగ్గురం ప్రోగ్రాములు రాసేవాళ్ళం. మా సారుది పెబ్బేరు. తాత, తండ్రి పశువుల సంతలో బేరాలు కుదిర్చిన ఇంట్లో పుట్టి, ఆయన మాత్రం ఎందుకో కంప్యూటర్ల మీద మనసు పడ్డాడు. రెండో మనిషి కోస్తా నుంచి వచ్చినవాడు. నాకంటే కాస్త పెద్ద కాబట్టి అన్నా అని పిలిచేదాన్ని. మూడోదాన్ని నేను. నాకు కోపం ముక్కు మీదుంటుందని ఆ ఇద్దరూ వచ్చేపోయే వాళ్ళందరికీ ముందే చెప్పి పెట్టేవాళ్ళు. అది విని నాకు ఇంకా కోపం వచ్చేది.

రెండువేల సంవత్సరం దాటి కొన్నేళ్ళయిన కాలం. సెల్‌ఫోన్లు ఊరికి ఒకటో రెండో ఉండేవి. మేం రాసిన ప్రోగ్రామును సీడీలోకి ఎక్కించి, సంచిలో పెట్టుకుని బస్సులో తీసుకెళ్ళి ఇచ్చేవాళ్ళం. ఒకసారి సీడీ చేయి దాటిందంటే అందులో తప్పు దొర్లినా మళ్ళీ బస్సెక్కి పోవాల్సిందే. కిటికీ పక్క సీటు కోసం అన్నకు అలా పోవడం ఇష్టంగానే ఉండేదని నా అనుమానం.

ఆ ఏడు ఎండాకాలంలో ఒక విత్తనాల కంపెనీ మాకు పని ఇచ్చింది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడుచోట్లా వాళ్ళ ఆఫీసులు ఉండేవి. మా దగ్గర రైతులు కంపెనీల కోసం సీడ్ పత్తి వేస్తారు. అది మామూలు పత్తి కాదు. ఆడ మొక్కల వరసలు వేరు, మగ మొక్కల వరసలు వేరు. పూత మొదలయ్యాక రోజూ మనుషులు దిగి, మగ పువ్వు తెంపి ఆడ పువ్వుకు అద్దాలి. ఆ పనిని అందరూ క్రాసింగ్ అంటారు. విత్తే ముందు ఆడ విత్తనం, మగ విత్తనం కంపెనీయే పంచుతుంది. చేను ఎంతుందో దాన్నిబట్టి ఎవరికి ఎన్ని ప్యాకెట్లు ఇవ్వాలో మా ప్రోగ్రాం లెక్క కట్టి చీటీ తీయాలి. కంపెనీ ఇంకో షరతు కూడా పెట్టింది. రెండున్నర ఎకరాల కంటే తక్కువ చేనైతే ఇవ్వరు.

మా అక్కకు సరిగ్గా రెండున్నర ఎకరాలు ఉంది. సొంతం కాదు, కౌలుకు తీసుకున్నది. గద్వాల దగ్గర ఊళ్ళో అక్కా బావా కాపురం. మాది తరతరాలుగా కూలి చేసుకునే ఇల్లు. హాస్టళ్ళలో పెరిగి నేను చదువుకున్నాను గానీ అక్కకు ఆ అదృష్టం లేదు. పెళ్ళయినప్పటి నుంచీ ప్రతి ఏడూ బతుకమ్మ పండగ దాటగానే, కూలీలను కూడగట్టే గుంపు మేస్త్రీ లారీ ఎక్కి ఇద్దరూ మట్టిపనికి దూరదేశం పోయేవాళ్ళు. వానల ముందు తిరిగొచ్చేవాళ్ళు. ఆ ఏడు అక్క పట్టుబట్టింది. సీడ్ పత్తి దొరికితే ఉంటాం, దొరక్కపోతే మళ్ళీ లారీయే. కంపెనీ దగ్గర పేరు రాయించడానికి ఆమె ఆలస్యంగా పోయింది కాబట్టి జాబితాలో అట్టడుగున ఉంది.

ఒక ఆదివారం వాళ్ళింటికి పోయినప్పుడు నా పని గురించి చెప్పబోయాను. "చీటీ లెక్కంతా ఒక ఫంక్షన్ చేస్తదక్కా" అన్నాను.

"ఎవరింట్ల ఫంక్షన్?" అన్నది అక్క.

కంప్యూటర్‌లో లెక్క కట్టే ముక్కకు ఆ పేరని, దానికి మనం కొన్ని తెచ్చి ఇస్తే అది లెక్క చేసి పెడుతుందని, తెచ్చి ఇచ్చేవాటిని ఆర్గ్యుమెంట్లు అంటారని చెప్పాను.

"అంటె సదివింపులు" అన్నది అక్క బియ్యం ఏరుతూ. "మరి ఫంక్షన్ల ఆర్గ్యుమెంట్ కాకుంట ఎట్లుంటది? మా ఆడిబిడ్డ పెండ్లిల మటన్ కాడ అయిన ఆర్గ్యుమెంట్ ఇంకా ఒడువలే."

నేను నవ్వుకుంటూ వనపర్తి బస్సెక్కాను. ఆ నవ్వు మర్నాడు మధ్యాహ్నం దాకా కూడా నిలవలేదు.

ప్రోగ్రాం సగం నేను రాశాను, సగం అన్న రాశాడు. పరీక్షించడానికి ఏదో ఒక చేను కావాలి కదా అని అక్క చేనే పెట్టాను. నాకు ఖాయంగా తెలిసిన చేను అదొక్కటే. రెండు పాయింట్ ఇరవై అని కొట్టాను. తెర మీద "అర్హత లేదు" అని వచ్చింది. మా అక్కకు అర్హత లేదని నా కంప్యూటరే నాకు చెప్పింది. చెంప మీద కొట్టినట్టయింది. ఇంకో తెర తెరిచి అదే అంకె కొడితే ప్యాకెట్లు సరిగ్గా వచ్చాయి. ఒకే చేను ఒకచోట చాలదు, ఇంకోచోట సరిపోతుంది.

"అన్నా, రెండెకరాల ఇరవై అంటె ఎంత?" అని అడిగాను.

"రెండు ఎకరాల ఇరవై సెంట్లు. ఏంటి, అంత కోపంగా అడుగుతున్నారు?"

"ఇరవై గుంటలు. రెండున్నర."

"మా వైపు ఎకరానికి వంద సెంట్లండీ."

"మా దిక్కు ఎకరానికి నలభై గుంటలు. నువ్వు కూసున్నది వనపర్తిల."

అదీ సంగతి. చుక్క తర్వాత ఇరవై ఉంటే అతనికి ఎకరంలో ఐదో వంతు, నాకు సగం. అతను రాసిన ఫంక్షన్లు సెంట్ల లెక్క అడుగుతాయి, నేను రాసినవి గుంటల లెక్క అడుగుతాయి. నా అంకెను అతని ఫంక్షన్‌కు ఇచ్చినా, అతని అంకెను నా ఫంక్షన్‌కు ఇచ్చినా కంప్యూటర్ కిమ్మనదు. దానికి రెండూ అంకెలే. ఇద్దరం ఒకరి ఫంక్షన్లు ఒకరం ఎక్కడపడితే అక్కడ వాడుకున్నాం. అక్క చెప్పిన రెండో రకం ఆర్గ్యుమెంట్ ఆ రోజు మా ఆఫీసులో దివ్యంగా జరిగింది. కింద ఎరువుల దుకాణంలోంచి ఒకతను పైకొచ్చి ఎవరికైనా ఏమన్నా అయిందా అని అడిగి పోయాడు.

అంతటా గుంటలే వాడదామని సారు తీర్పు చెప్పాడు. నేను ఒక్కోచోటా వెతికి దిద్దడం మొదలుపెట్టాను. ఒకటి దిద్దితే ఇంకొకటి చెడేది. నాగర్‌కర్నూల్ చీటీ బాగైందనుకుంటే గద్వాల చీటీ తలకిందులయ్యేది. వారం తిరిగేసరికి నాకు ఏడుపొచ్చింది. కంట్లో నలుసు పడిందని చెప్పి మొహం కడుక్కొచ్చాను. ఇద్దరూ నమ్మినట్టు నటించారు.

ఆ సాయంత్రం చాయ్ తాగుతూ సారు తన తండ్రి కబుర్లు మొదలుపెట్టాడు. "మా నాయన ఎద్దును కొనేటప్పుడు ఫస్టు నోరు తెరిపిచ్చి పండ్లు చూస్తుండె. ఎన్ని పండ్లుంటె గంత వయసు. అమ్మెటోడు ఏమన్న చెప్పనీ, ఈయన పండ్లు చూడంది చెయ్యి కలపకపోతుండె. ఇంటికి తోలుకొచ్చినంక చూస్తె ఏమొస్తది?"

ఆయన మామూలుగా చెప్పే కబుర్లే. నేను చాయ్ గ్లాసు పక్కన పెట్టాను. తప్పులు వెతికే పని నేనెందుకు చేయాలి? ఆ పని చేసే ప్రోగ్రామే ఒకటి రాస్తే? సీడీలోకి ఎక్కించే ముందు అది మేం రాసిన ప్రతి ఫైలూ తెరవాలి. ఫంక్షన్‌ను పిలిచిన ప్రతి చోటా ఆగాలి. అది అడిగింది ఏమిటి, మేం ఇస్తున్నది ఏమిటి అని చూడాలి. గుంటలున్న ప్రతిదాని పేరుకూ ముందు గుం అని, సెంట్లున్న ప్రతిదాని పేరుకూ ముందు సెం అని తగిలించాలని నియమం పెట్టుకున్నాం. గుంటలడిగిన చోట సెంట్లు కనబడితే అది ఆపేస్తుంది. ఇంకా ఏ ఫంక్షన్‌కైనా ఇవ్వాల్సినవి తక్కువైనా, ఎక్కువైనా, అంకె అడిగితే పేరు ఇచ్చినా ఆపేస్తుంది. అన్నీ సరిగ్గా ఉంటేనే సీడీ రాసే ప్రోగ్రామును అదే నడిపిస్తుంది. మా చేతుల్లో ఏమీ ఉండదు. దానికి "పండ్లు చూసుడు" అని సారే పేరు పెట్టాడు.

పేరు పెట్టినందుకు అది మొదటిరోజే సారు పండ్లు చూసింది. ఆయనెప్పుడో సరదాకి రాసిన ముక్కలో తప్పుల మీద తప్పులు చూపించింది. తెర కిందికి జరుగుతూనే ఉంది. "మా నాయన సుత నన్ను గింతగనం తిట్టలే" అన్నాడాయన, కొంచెం మురిపెంగానే. నాకు మాత్రం ఆ రోజు పట్టరాని సంతోషం. వారం రోజులుగా దొరకని తప్పులన్నీ ఒక్కసారి వరసగా నిలబడ్డాయి. నేను వాటిని ఒక్కొక్కటే పేరు పెట్టి తిట్టుకుంటూ దిద్దాను.

అన్న మాత్రం దాన్ని మోసం చేశాడు. తన ఫైల్లో సెం అని ఉన్న పేర్లన్నిటినీ ఒక్క దెబ్బతో గుం అని మార్చాడు. లోపలున్నవి సెంట్లే. పేరు చూసి పండ్లు చూసుడు సరేనంది. అక్క చేను పెట్టి చూస్తే మళ్ళీ "అర్హత లేదు". నేను కుర్చీలోంచి లేచేసరికి అతను మెట్ల మీదున్నాడు. సాయంత్రం మిర్చి బజ్జీల పొట్లంతో తిరిగొచ్చి, "లేబుల్ మార్చాను, సరుకు మార్చడం మర్చిపోయాను" అన్నాడు. బజ్జీలు వేడిగా ఉన్నాయి కాబట్టి బతికిపోయాడు. ఆ తర్వాత రెండో పరీక్ష చేర్చాను. మూడు ఆఫీసుల నుంచి వచ్చే రైతుల జాబితా మొత్తం ఆ ఫంక్షన్ల గుండా నడిపించాలి, చుక్క తర్వాత నలభై గానీ అంతకు మించి గానీ ఉంటే ఆపాలి. నలభై గుంటలైతే అది ఎకరమే కదా, గుంటల్లో ఎందుకుంటుంది?

సీడీ ఇవ్వాల్సిన రోజు కంపెనీ మేనేజర్ రైతుల జాబితాలు పట్టుకుని స్వయంగా జీపేసుకుని వచ్చాడు. మర్నాటి నుంచి విత్తనం పంచుతారట. ఆయనకు చాయ్ తెప్పించి, నేను పండ్లు చూసుడు మొదలుపెట్టాను. ఫైళ్ళన్నీ దాటింది. వనపర్తి జాబితా దాటింది. నాగర్‌కర్నూల్ జాబితా దాటింది. గద్వాల జాబితాలో ఆగింది. నాలుగు పేర్లు చూపించింది. నాలుగోది మా అక్కది. విస్తీర్ణం రెండు పాయింట్ యాభై.

"నాలుగు పేర్ల కోసం మూడు ఆఫీసులు ఆగాల్నా?" అన్నాడు మేనేజర్. "గా నాలుగు తీసెయ్యుండ్రి. వాళ్ళకు వచ్చే ఏడు ఇద్దాం."

తీసేయడానికి ఒక్క మీట నొక్కితే చాలు. "సార్, అండ్ల మా అక్క పేరున్నది" అన్నాను.

ఆయన మంచివాడే. "అట్ల చెప్పవైతివి. మీ అక్కది సరిచెయ్. మిగతా మూడు తీసెయ్" అన్నాడు.

"మా అక్క ఒక్కతే అన్నం తింటదా సార్?" అన్నాను. మా సారు దగ్గాడు. అన్న గోడ మీది క్యాలెండర్ చూడసాగాడు. నేను ఎవరి మొహమూ చూడకుండా గద్వాల ఆఫీసుకు ఫోన్ కలిపాను.

అక్కడ జాబితా ఎక్కించే అమ్మాయి ఎత్తింది. రెండు పాయింట్ యాభై ఎందుకు కొట్టావని అడిగాను.

"ఆమె రెండున్నర అన్నదక్కా. సగమంటె యాభయ్యే గద. ఎవరన్న ఇరవై గుంటలంటె ఇరవై కొట్టిన, రెండున్నర అంటె యాభై కొట్టిన. తప్పయిందా?"

తప్పేముంది? నోటితో చెప్పేటప్పుడు మేం రెండున్నర అని కూడా అంటాం. ఆ 'అర' బళ్ళో లెక్కల పుస్తకంలో యాభై, పట్టాదారు పాసుపుస్తకంలో ఇరవై. ఆ పిల్ల రెండు పుస్తకాలూ చదువుకుంది. నాలుగింటినీ ఇరవైకి దిద్ది మళ్ళీ నడిపించబోతుంటే వెనక నుంచి అన్న నా చేయి పట్టుకుని ఆపినంత పని చేశాడు.

"ఆగండి. అర అన్నవాళ్ళకి యాభై కొట్టింది. మరి పావు అన్నవాళ్ళకి?"

నేను జాబితాను మళ్ళీ పైకి జరిపాను.

"ఇరవై అయిదు కొట్టుంటుంది. అది నలభై లోపే. మన పండ్లు చూసుడుకి దొరకదు. ఇందాకట్నుంచీ జాబితాలో ఆ ఇరవై అయిదులు నాకు చాలా ముద్దుగా కనిపిస్తున్నాయి. నాకు ముద్దుగా ఉన్నాయంటే మీ గుంటల లెక్కలో ఎక్కడో తేడా ఉన్నట్టే."

గద్వాల జాబితాలో చుక్క తర్వాత ఇరవై అయిదులు చాలానే ఉన్నాయి. పావు ఎకరమంటే పది గుంటలు. అవి అలాగే పోతే వాళ్ళందరికీ లేని నేలకు విత్తనం ముడుతుంది. కంపెనీ దగ్గర ఆడ విత్తనం ఉన్నదే కొంచెం. పైనుంచి పంచుకుంటూ వస్తే అడుగున ఉన్నవాళ్ళ దాకా రాకముందే అయిపోతుంది. అట్టడుగున ఉన్నది మా అక్క. తప్పు దిద్దినా ఆమె లారీ ఎక్కాల్సి వచ్చేది. ఆ కోస్తా అన్న మీద అప్పటిదాకా ఉన్న కోపమంతా ఎటుపోయిందో తెలియదు.

మేనేజర్‌కు ఇదంతా మా సారు చెప్పాడు. చెప్పి, "సార్, మా నాయన పండ్లు చూసినంక ఎద్దును జర నడిపిచ్చి చూస్తుండె. కుంటితనం పండ్లల్ల తెల్వది. రెండు దినాలు ఇయ్యుండ్రి" అన్నాడు. మేనేజర్ తల పట్టుకున్నాడు. పరేషాన్ చేస్తున్నారన్నాడు. రైతులకు ఏం చెప్పాలన్నాడు. ఆఖరుకి ఇంకో చాయ్ అడిగాడు. చాయ్ అడిగాడంటే ఒప్పుకున్నట్టేనని మా సారు నాకు కన్ను కొట్టాడు.

మర్నాడు పొద్దున్నే అన్నా నేనూ పెబ్బేరు మీదుగా గద్వాల పోయాం. కిటికీ సీటు అతనికే ఇచ్చాను. ప్రోగ్రామును అక్కడే కూచుని మార్చాం. చుక్కే లేకుండా తీసేశాం. ఎకరాలకు ఒక గడి, గుంటలకు ఒక గడి. ఫంక్షన్ కూడా ఇక రెండూ విడివిడిగానే పుచ్చుకుంటుంది. ఏది లేకపోయినా, గుంటలు నలభైకి చేరినా పండ్లు చూసుడు సీడీ రాయనివ్వదు. ఇక మిగిలింది రైతుల్ని అడగడం. ఊరూరికీ కబురు పెడితే మధ్యాహ్నానికల్లా ఆఫీసు ముందు మనుషులు నిండారు. అన్న బల్ల వేసుకుని కూచుని, వచ్చిన ప్రతివాళ్ళనూ గంభీరంగా "మీ చేనెంతండీ, గుంటల్లో చెప్పండి" అని అడుగుతున్నాడు. ఒక పెద్దాయన "ఈ పిలగాడు ఎవరిదిక్కు? మంచిగ మాట్లాడుతుండు, గుంటలు తెల్వయా?" అన్నాడు. "ఇప్పుడే నేర్చుకుంటున్నానండీ" అన్నాడు అన్న.

సాయంత్రం పండ్లు చూసుడు నడిపించాం. ఎక్కడా ఆగలేదు. చీటీలు తీయడం మొదలైంది. అన్నిటికంటే చివర అక్క చీటీ వచ్చింది. ఆడ ప్యాకెట్లు సరిపోయాయి, మగ ప్యాకెట్లు సరిపోయాయి. అక్క ఆ చీటీని చూసి, మడిచి రవికెలో పెట్టుకుంది. "మీ ఫంక్షన్ మంచిగయ్యింది చెల్లె" అన్నది. నేను ఏడ్చాను. ఈసారి కంట్లో నలుసు పడిందని ఎవరికీ చెప్పలేదు.

వానలు సమయానికి పడ్డాయి. బతుకమ్మ పండగ దాటాక ఒక పొద్దున నేను అక్క చేనులో ఉన్నాను. క్రాసింగ్ జోరుగా నడుస్తోంది. ఎండ ఎక్కకముందే మగ పువ్వులు తెంపి ఆడ పువ్వులకు అద్దాలి కాబట్టి నన్ను కూడా వరసలోకి దింపింది. అద్దడం నేననుకున్నంత సులువు కాదు. గట్టిగా అద్దితే పువ్వు చెడుతుందని రెండుసార్లు తిట్టించుకున్నాను. అప్పుడు గుంపు మేస్త్రీ లారీ వచ్చి బాట మీద ఆగింది. పైన మూటలు, బిందెలు, మనుషులు. అక్కావాళ్ళ ఊరి మొహాలే చాలా ఉన్నాయి. ప్రతి ఏడూ ఆ మనుషుల మధ్యలోంచే అక్క నాకు చెయ్యి ఊపేది.

మేస్త్రీ క్యాబిన్‌లోంచి తల బయట పెట్టి, "వదినే, ఎక్కుతరా? ఇద్దరికి జాగ ఉంచిన" అని కేకేశాడు.

అక్క వంగే ఉంది. చేతిలో ఉన్న పువ్వును మెల్లగా ఆడ పువ్వుకు అద్ది, తర్వాత నడుం నిలబెట్టింది. బావ వైపు చూసింది. ఆయన నవ్వుతున్నాడు.

"నువ్వు మనుషులను తీస్కపోతనంటవేందయ్యా" అన్నది అక్క. "నాకే ఇద్దరు తక్కువ పడ్డరు. అండ్లకెల్లి ఎవరన్న దిగుతరేమో అడుగు."

లారీ మీద ఎవరో పెద్దగా నవ్వారు. మేస్త్రీ కూడా నవ్వి, ఎంత కూలి ఇస్తావని పరాచికానికి అడిగాడు. అంతలో లారీ వెనక పలక మీద కూచున్న ఒక ముసలామె నిజంగానే లేచింది. తన మూట కిందికి జారవిడిచి, పక్కనున్న కోడలి చెయ్యి పట్టుకుని, జాగ్రత్తగా చక్రం మీద కాలు పెట్టి దిగింది. వెనకే కోడలూ దిగింది.

అక్క చేతులు చీరకు తుడుచుకుని వాళ్ళకు ఎదురు పోయింది. "నీళ్ళు తాగినంక వరసలకు రాండ్రి" అన్నది.